నాలుగో భాగంలో ఎనిమిది కాగితాలు

మధ్యాహ్నం పన్నెండున్నరకి మొగుడు ఇంటికొచ్చాడంటే జ్వరమన్నా వచ్చి ఉండాలి, ఉద్యోగమన్నా పోయి ఉండాలి. సూదక్క గరిట పక్కన పెట్టి, ఆయన నుదుటి మీద చెయ్యి వేసి చూసింది. చల్లగా ఉంది. అయితే రెండోదే అనుకుంది.

"ఇంకా పోలేదు," అన్నాడాయన, మనసులో మాట వినబడ్డట్టు. "సాయంత్రం ఐదింటికి పోతుంది."

చేతిసంచీలోంచి ఖాకీ కవరు తీసి బల్ల మీద బోర్లించాడు. ఎనిమిది కాగితాలు జారిపడ్డాయి. పసుపెక్కిన కాగితాలు, కింది అంచు కత్తెరతో తీసేసినవి. పైదాని మీద మొదటి వాక్యం ఇలా ఉంది: 'తాళాల కార్యాలయం తలుపు తీయగానే, వరసలో నిలబడ్డవాళ్ళంతా తమ ఇంటి తాళంచెవుల్ని పైకెత్తి చూపించారు.'

ఏం జరిగిందో సూదక్కకి పూర్తిగా అర్థమైపోయింది. అర్థం కావడానికి క్షణం పట్టలేదు గానీ, ఆ తర్వాత పొయ్యి మీద కూర మాడిన వాసన వచ్చేదాకా కదల్లేకపోయింది.

ఆయన ప్రభుత్వ ముద్రణాలయంలో ప్రూఫులు దిద్దుతాడు. నాలుగేళ్ళుగా కళ్ళు సరిగ్గా ఆనక, సగం ప్రూఫులు సంచీలో పెట్టుకుని ఇంటికి తెస్తాడు. అలా తేకూడదని గోడ మీద పెద్దక్షరాలతో బోర్డు ఉంది. ఆ బోర్డు ప్రూఫు కూడా సూదక్కే దిద్దింది. ప్రభుత్వం వారి కామాలూ ఫుల్‌స్టాపులూ నాలుగేళ్ళుగా ఆమె వంటింట్లోనే సరైన చోట పడుతున్నాయి. మొన్న మంగళవారం మాత్రం ఆయన ఓ కట్ట తెచ్చి, "ఇది నువ్వు చదవద్దు," అన్నాడు. కాపురం మొదలెట్టాక ఆయన ఇలా ఫలానాది చదవద్దనడం అదే మొదలు. సూదక్కకి ఒళ్ళు మండి, నిజంగానే చదవలేదు. ఆయన భూతద్దం పెట్టుకుని, ఎర్ర సిరాతో అక్కడక్కడ గీతలు పెట్టి, భోజనాల బల్ల మీదే వదిలేసి పడుకున్నాడు.

అదే బల్ల మీద ఆమె పుస్తకం పని ఉంది.

ఆ భవనంలో ఐదుగురు ఆడవాళ్ళు గురువారం మధ్యాహ్నాలు కూర్చుని పుస్తకాలు చదువుకుంటారు. ఒకప్పుడు ఆరుగురు. ఇంట్లో ఐదుగురికి మించి గుమిగూడాలంటే అనుమతి కాగితం కావాలని రెండేళ్ళ కిందట నియమం వచ్చినప్పుడు ఆరో ఆవిడని మానిపించారు. ఆవిడ ఏమీ అనుకోలేదు. అప్పుడెవరూ ఏమీ అనుకోలేదు. ఈసారి పుస్తకం పేవ్‌మెంటు మీద దొరికిన పాత నవల. అట్ట లేదు, మొదటి కాగితాలు లేవు, రాసిందెవరో తెలీదు. ప్రతి ఒక్కటీ ఐదుగురూ చదివేసరికి ఏడాది పడుతుందని, సూదక్క దాన్ని ఐదు భాగాలుగా విడదీసి, దేనికదే కుట్టి తలా ఒకటి ఇచ్చింది. అందుకే ఆ పేరు ఆమెకి. ఎవరికి ఏ భాగం ముందొస్తే అది ముందు చదువుతారు. ఒకావిడకి పెళ్ళికంటే ముందే పిల్లలు పుడతారు, ఇంకొకావిడకి చచ్చినవాడు లేచొచ్చి కాఫీ తాగుతాడు. బాగానే అలవాటైంది. బూజు పట్టిందని కింది అంచులు కత్తిరించేయడంతో పేజీల అంకెలు కూడా పోయాయి.

బుధవారం తెల్లవారుజామున సూదక్క, నాలుగో భాగం కుట్టు తెగితే విప్పి మళ్ళీ కుడుతోంది. పాలవాడు గంట కొట్టాడు. కాగితాలన్నీ ఒక్క చేత్తో పక్కకి ఊడ్చి, వచ్చి మళ్ళీ సర్దుకుని కుట్టేసింది. ప్రెస్సువాళ్ళు ప్రూఫులకి వాడేది పుట్టుకతోనే పసుపు రంగు కాగితం. ముసాయిదా కాబట్టి దానికి శీర్షిక లేదు, అంకెల్లేవు. మిగిలిన ఎనిమిది కాగితాల్ని పొద్దున్నే ఆయన కవర్లో భద్రంగా పెట్టుకున్నాడు. బుధవారం ప్రెస్సుకి సెలవు. ఇవాళ ఆఫీసులో కవరు విప్పి చూసుకున్నాడు.

"ఆ కంపోజిటరు గుర్తున్నాడా?" అన్నాడాయన. "ఎర్ర స్వెట్టరు వేసుకునేవాడు."

"ఊరెళ్ళాడన్నారుగా."

"పద్నాలుగు నెలలైంది. ఏ ఊరో వాళ్ళావిడక్కూడా చెప్పలేదు. అతను పోగొట్టింది ఒక్క కాగితం." నీళ్ళగ్లాసు అందుకున్నాడు గానీ తాగలేదు. "ఐదింటికి మేనేజరు తాళం వేసే పెట్టెలో పెట్టాలి. నాలుగూ ముప్పై ఐదు బస్సు దాటితే ఇంక వెళ్ళి కూడా లాభం లేదు. ఆ నాలుగో భాగం ఎవరి దగ్గరుంది?"

సూదక్క చావు కబురు చల్లగా చెప్పింది. "బ్లాకు పెద్ద ఇంట్లో."

ఆయన కూర్చోవడానికి కుర్చీ కోసం వెనక్కి చెయ్యి చాచాడు. కుర్చీ అక్కడే ఉంది గానీ చేతికి దొరకడానికి కాస్త సమయం పట్టింది.

*

బ్లాకు పెద్దని ఎవరూ ఎన్నుకోలేదు. ముప్పయ్యేళ్ళు ఇంటింటికీ తిరిగి కరెంటు మీటర్లు చదివి రిటైరైన మనిషి. ఏ ఇంట్లో ఎన్ని బల్బులున్నాయో ఎలాగూ తెలుసు కదా అని ఆయన్నే పెట్టారు. కింది అంతస్తులో ఉంటాడు. గేటు దగ్గర రిజిస్టరు ఆయనదే. వచ్చిన చుట్టాల పేర్లు, వెళ్ళిన వేళలు అందులో రాస్తాడు. ఆయన భార్యే ఐదుగురిలో ఒకావిడ. కథలో ఎంత ఘోరం జరిగినా "ఇవన్నీ కథల్లోనేనండీ" అని తేల్చేస్తుంది కాబట్టి వెనకాల అందరూ 'కథల్లోనే వదిన' అంటారు.

సూదక్క పరిగెత్తుకెళ్ళేసరికి ఆ తలుపుకి తాళం. మొగుడూ పెళ్ళాలిద్దరూ పంటి డాక్టరు దగ్గరికెళ్ళారు, మూడింటికల్లా వస్తారంది వాచ్‌మన్ భార్య. ఆ రెండుంబావు గంటల్లో సూదక్క ఒకే కూర మూడుసార్లు తరిగింది.

మూడింటికి ఐదుగురూ కింది అంతస్తులో చేరారు. వదిన దవడ ఒకవైపు వాచి ఉంది గానీ నాలుకకి మత్తు దిగిపోయినట్టుంది. ఒడిలో నాలుగో భాగం. లోపలి గదికి కర్టెన్ వేసి ఉంది; అటునుంచి సన్నగా గురక.

"పన్ను పీకింది ఆయనకా, మీకా?" అంది నర్సు పిన్ని. రిటైరైనా ఇంకా ఎవరి నాడి దొరికితే వాళ్ళ నాడి చూసే మనిషి.

"నాకే. ఆయన చూసి కళ్ళు తిరిగి పడ్డారు. అందుకే పడుకున్నారు."

ఈ కూడికకి పెద్ద లెక్చరరమ్మ. కాలేజీలో చరిత్ర చెప్పి, మూడేళ్ళు ముందుగానే విశ్రాంతి తీసుకోమని వాళ్ళే బతిమాలితే తీసుకుంది. ప్రతి గురువారం ఒకరు తమ భాగం చెప్పాక, ఆమె కళ్ళజోడు తుడుచుకుని "మరి మన దగ్గర?" అని అడుగుతుంది. అప్పుడు తలా ఒకటి చెప్పాలి. ఊరికే చెబితే ఒప్పుకోదు. ఈ వారంలో కళ్ళతో చూసిందై ఉండాలి. తోక కనిపించిందల్లా తోడేలు కాదంటుంది. "ప్రతి చిన్నదానికీ ఆ కథలోలాగే అయిపోయిందని గోలపెడితే, నిజంగా తోడేలొచ్చిన రోజు ఎవరూ తలుపు తీయరు. ఇలాంటి కథ జోస్యం కాదమ్మా, కొలతబద్ద. రోజూ చూసే గోడ ఎంత పెరిగిందో కంటికి తెలీదు. బద్ద పెడితే తెలుస్తుంది."

"వదినా," అంది సూదక్క, ఇంకా ఎవరూ సర్దుకోకముందే, "ఆ భాగం కుట్టు వదులైందనుకుంటా. ఇలా ఇవ్వండి, ఇప్పుడే పైకి తీసుకెళ్ళి బిగించుకొస్తాను."

"నీ కుట్టు వదులవడమా? నిన్న లాగి చూశాను, నా పన్నుకంటే గట్టిగా ఉంది." వదిన భాగాన్ని గుండెకి ఆనించుకుంది. "అయినా ఇవాళ నా వంతు. రెండేళ్ళలో మొదటిసారి నాకు ఒక భాగం నచ్చింది, నన్ను చెప్పనీ. ఈ రచయితకి తిక్క బాగా ముదిరిందండోయ్. ఇదివరకు ఒక పేజీ, అరపేజీ ఫర్మానాలు రాసేవాడా, ఇందులో ఏకంగా పదిహేడు నిబంధనలు. ఒకటే నవ్వు నాకు."

నవలలో అలాంటివి ఉన్న మాట నిజమే. ఆ నగరంలో దొంగల భయం పోగొడతామని, ప్రతి ఇంటి తాళానికీ మారు చెవి తాళాల కార్యాలయంలో ఇమ్మంటారు. అధ్యాయానికీ అధ్యాయానికీ మధ్య ఆ కార్యాలయం ఉత్తర్వులు యథాతథంగా అచ్చేస్తాడు రచయిత. అందుకే వదినకి అనుమానం రాలేదు. సూదక్క గోడ గడియారం చూసింది. మూడూ పన్నెండు.

వదిన గొంతు సవరించుకుని సర్కారు గొంతు పెట్టింది. "ఏడవ నిబంధన. ఏ నివాసమునందైనను కుటుంబేతరులతో కలిపి ముగ్గురికి మించి ఏకకాలమున గుమిగూడరాదు."

"అయితే మనలో ఇద్దరం బాల్కనీలో కూచోవాలి," అంది నర్సు పిన్ని.

"వినండి, అసలైంది ఉంది. పదకొండవ నిబంధన. ప్రతి పాఠశాలయందును విద్యార్థులచే వారమునకొకసారి 'మా ఇంటిలో ఈ వారము మాట్లాడుకొన్న మాటలు' అను వ్యాసము వ్రాయించవలెను. ఉత్తమ వ్యాసమునకు బహుమతి ఈయబడును."

"బహుమతి ఏమిటో? కొత్త నాన్నా?"

నర్సు పిన్ని అన్న మాటకి అందరూ నవ్వారు. సూదక్క కూడా నవ్వింది. నవ్వకపోతే బాగుండదని నవ్వింది. ఆయన ఎందుకు చదవద్దన్నాడో ఇప్పుడు తెలిసింది. తను దిద్దిన కామాల్లో ఇలాంటివి ఇంకెన్నున్నాయో అని కూడా అప్పుడే తోచింది. ఆ ఆలోచనని తర్వాత చూసుకుందామని పక్కన పెట్టింది.

నవ్వనిది ఒక్క మూడో అంతస్తు కోడలే. అందరికంటే చిన్నది, మాట్లాడ్డం తక్కువ.

"మరి మన దగ్గర?" అంది లెక్చరరమ్మ, కళ్ళజోడు తుడుచుకుంటూ.

"మన దగ్గరేముందండీ, ఇవన్నీ కథల్లోనే," అంది వదిన.

"మా పాప బళ్ళో సోమవారం వ్యాసం రాయించారు మేడమ్," అంది కోడలు. "'మా ఇంట్లో భోజనాల వేళ' అని. ఎవరెవరు ఏమేం మాట్లాడుకుంటారో రాయమన్నారట."

"ఏం రాసింది?"

"నాన్న ఫోను చూస్తాడు, అమ్మ నాన్నని తిడుతుంది, నానమ్మ ఇద్దర్నీ తిడుతుంది అని."

"నిజమే రాసిందిగా. ఎన్ని మార్కులొచ్చాయి?"

"పుస్తకం తిరిగివ్వలేదు పిన్నీ. ఎవరివీ ఇవ్వలేదు."

ఎవరో మంచినీళ్ళు అడిగారు. వదిన లేవబోతూ భాగాన్ని కుర్చీలో పెట్టింది. సూదక్క చెయ్యి చాచేలోగా దాన్ని లెక్చరరమ్మ అందుకుంది.

"ఇదేమిటి, ఎవరో ఎర్ర సిరాతో దిద్దారే."

"పాత యజమాని బడిపంతులై ఉంటాడు," అంది వదిన వంటింట్లోంచి. "నవలక్కూడా మార్కులేసే రకం."

లెక్చరరమ్మ ఆ కాగితాన్ని వెలుగుకి ఎత్తింది. బొటనవేలితో అచ్చు మీద రుద్దింది. వేలికి నలుపు అంటింది. అంత పాత పుస్తకంలో సిరా వేలికి అంటదు. ఆమె వేలు చూసుకుని, సూదక్కని చూసి, మళ్ళీ వేలు చూసుకుంది. సూదక్క మొగుడు ఎక్కడ పనిచేస్తాడో ఆ భవనంలో తెలియనివాళ్ళు లేరు.

"సూదమ్మా," అంది నెమ్మదిగా, "కుట్టు నిజంగానే వదులైంది. తీసుకెళ్ళు."

సూదక్క చెయ్యి చాచింది. అప్పుడే గుర్తించింది, లోపల గురక వినిపించడం లేదని.

"ఆ పదకొండోది మళ్ళీ చదవండి," అంది కర్టెన్.

బ్లాకు పెద్ద బయటికొచ్చాడు. బనీను మీద తువ్వాలు, చెంప మీద దిండు గీతలు. చెయ్యి చాపితే లెక్చరరమ్మ ఇవ్వక తప్పలేదు. ఆయన నిలబడే చదివాడు, పెదాలు కదుపుతూ, మీటరు చదివినట్టు ఒక్కో వరుసా వేలు పెట్టి. ఓ కాగితం తిప్పాడు. ఇంకోటి తిప్పాడు. సూదక్క కళ్ళు గడియారం మీదే ఉన్నాయి. మూడూ నలభై ఎనిమిది.

"ఇదెక్కడిది?"

"పేవ్‌మెంటు మీద కొన్నామండీ అన్నయ్యగారూ," అంది సూదక్క. వదిన మొగుడు కాబట్టి అన్నయ్యే. ఆ వరస ఇంత గట్టిగా పిలిచింది ఆ రోజే.

"ఎప్పుడు?"

"రెండు నెలలైంది."

"అబద్ధం." ఆయనకి కోపం కూడా రాలేదు, లెక్క తప్పితే దిద్దేవాడి గొంతు. ముప్పయ్యేళ్ళు అంకెలు చదివిన మనిషి, ఎదుటివాళ్ళు తప్పు అంకె చెబితే ప్రాణం పోయినా ఊరుకోలేడు. "రెండు నెలల కిందట ఇందులో పన్నెండు నిబంధనలే. పదిహేడు చేసింది మొన్న ఆదివారం. తలుపులేసి, ఫోన్లు బయట పెట్టించి మరీ మా బ్లాకు పెద్దలందరికీ చదివి వినిపిం..."

అక్కడ ఆగిపోయాడు. మిగిలిన అక్షరాలు గదిలో ఉన్నవాళ్ళంతా మనసులో పూర్తి చేసుకున్నారు.

నీళ్ళగ్లాసులు పళ్ళెంలో పెట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడ్డ వదిన అంది: "అంటే ఇది కథ కాదా?"

"తలుపులేసి చదివారని నేనన్నానా?" అన్నాడాయన.

"అన్నారు," అంది లెక్చరరమ్మ.

ఆయన చూపు ఫోను మీదికెళ్ళింది. గోడ పక్కన స్టూలు మీద, రిజిస్టరు పక్కన, సర్కారు వాళ్ళు పెట్టించిన ఫోను. నంబరు తిప్పక్కర్లేదు, ఎత్తితే చాలు, వాళ్ళే పలుకుతారు. రెండంగల్లో అక్కడికెళ్ళి దాని మీద చెయ్యేశాడు. ఇంకో చేతిలో నాలుగో భాగం. సూదక్క బస్టాపులో నిలబడ్డ మనిషిని తలుచుకుంది. ఆయన ఖాళీ కవరు చంకలో పెట్టుకుని, వచ్చే ప్రతి బస్సు నంబరూ దగ్గరికెళ్ళి చూస్తూ ఉంటాడు.

"చేయండి," అంది లెక్చరరమ్మ. ఆమె గొంతు నిలకడగానే ఉంది గానీ, ఒళ్ళో చేతులు ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి. "పదిహేడోది కూడా చదివారుగా. తెలిసియుండియు తెలుపనివారు సమాన బాధ్యులు. అడిగినవాటికి వరసగా చెప్పాలి మరి. ఎవరింట్లో చదివారు, ఎవరు చదివి వినిపించారు, ఇది నిజమైందేనని మాకెవరు చెప్పారు."

ఆయన చెయ్యి ఫోను మీదే ఉంది. ఎత్తలేదు, తీయలేదు. నుదుటి మీద చెమట పట్టింది. ఇందాక పన్ను చూసి పడిపోయిన మనిషి మళ్ళీ పడతాడేమోనని నర్సు పిన్ని అలవాటుగా కుర్చీలో ముందుకి జరిగింది.

వదిన పళ్ళెం కింద పెట్టింది. మొగుడి దగ్గరికెళ్ళింది. "నాలుగోది చూశారా?"

"ఏ నాలుగోది?"

"నాలుగో నిబంధన. సముదాయ పెద్ద నివాసుల సంభాషణల సారాంశము వారం వారం రాసి పంపాలని ఉందే, అది. పక్కన నేను పెన్సిల్‌తో రాసింది చూడండి."

ఆయన కాగితాలు తిప్పాడు. మార్జిన్లో వదిన గుండ్రటి అక్షరాలు దగ్గరున్న అందరికీ కనిపించాయి: 'ఇలాంటివాడికి ఇంట్లో అన్నం ఎవరు పెడతారు?'

"నా గురించి రాశావా ఇది?"

"కాదండీ. కథలోవాడి గురించి రాశాను. మీ గురించని ఇప్పుడు మీరంటున్నారు."

గడియారం నాలుగు కొట్టింది. ఆయన ఆ మాట మళ్ళీ చదువుకున్నాడు. ఈసారి పెదాలు కదపలేదు. తర్వాత ఫోను మీంచి చెయ్యి తీసి తువ్వాలుకి తుడుచుకున్నాడు. భాగాన్ని పెళ్ళాం చేతిలో పెట్టాడు.

"మాత్ర వేసుకుని పడుకున్నాను," అన్నాడు, గోడతో చెబుతున్నట్టు. "ఆరింటిదాకా లేవను. ఎవరొచ్చారో, ఏం చదివారో నాకు తెలీదు."

కర్టెన్ పడింది. ఈసారి గురక రాలేదు. ఆయన లోపల మేలుకునే ఉన్నాడని, మనసు మారడానికి నాలుగడుగులు చాలని అందరికీ తెలుసు.

ఆ పావుగంటా చేతులే పనిచేశాయి. సూదక్క బ్లేడుతో దారం కోసి ఎనిమిది కాగితాలూ విడదీసింది. కోడలు సంచీలోంచి పాప రబ్బరు తీసింది. చివర కుందేలు బొమ్మ ఉన్న రబ్బరు. వదిన రాసినవాటిని వదినే చెరిపింది. 'తిక్క', 'మరీ అతి', 'ఎవరొప్పుకుంటారు?' అన్నీ పోయాయి. నాలుగోది మాత్రం గట్టిగా నొక్కి రాసింది కాబట్టి, నలుపు పోయినా గాడి మిగిలింది. గోటితో సాపు చేసింది, ఇంకా మిగిలింది. నర్సు పిన్ని రబ్బరు పొట్టంతా తడిబట్టతో తుడిచి బట్టని తన జాకెట్లో దోపుకుంది. ఇది ఎక్కడిది, ఎలా వచ్చింది అని సూదక్కని ఒక్కరూ అడగలేదు. అడక్కపోవడం వల్లే వాళ్ళకి ఎంత తెలుసో ఆమెకి తెలిసింది.

నాలుగూ పందొమ్మిదికి గేటు దాటింది. చీర కుచ్చిళ్ళు చేత్తో ఎత్తిపట్టుకుని నడిచింది. పరిగెడితే నలుగురూ చూస్తారు.

ఆయన బస్టాపులో, ఆమె అనుకున్నట్టే ఉన్నాడు. కవర్లో పెట్టేముందు లెక్కపెట్టుకున్నాడు. రెండోసారి లెక్కపెట్టబోతే చేతి మీద ఒకటి వేసింది.

"ఈ ఎడమ అంచున బెజ్జాలేమిటి?"

"కాగితాలు చెదిరిపోకుండా కుట్టానని చెప్పండి."

"నాకు కుట్టడం రాదే."

"ఆ సంగతి మేనేజరుకి తెలుసా?"

ఆయన వేలు నాలుగో నిబంధన పక్కన ఆగింది. "ఇక్కడేదో రాసి చెరిపారు." వంగి, ఏటవాలు వెలుగులో చూశాడు. కళ్ళు సరిగ్గా కనిపించని మనిషి వేలితో చదివాడు. కాగితాన్ని కవర్లో పెట్టాడు. బస్సొచ్చింది.

ఐదింటినుంచి ఏడూ ఇరవై దాకా సూదక్క ఏం చేసిందో ఆమెకే గుర్తులేదు. ఆ తర్వాత చూసుకుంటే, అన్ని డబ్బాల మూతలూ తుడిచి, ఉప్పు డబ్బాకి చక్కెర మూత పెట్టి ఉంది. ఆయన తలుపు తోసుకుని వచ్చి, చెప్పులు విప్పకుండానే కూర్చున్నాడు.

"చూశాడు," అన్నాడు. "బెజ్జాలు లెక్కపెట్టాడు. ఒక్కో కాగితానికీ నాలుగు. ఎవరు చెప్పారు కుట్టమని అన్నాడు. చెదిరిపోకుండా నేనే కుట్టానన్నాను. చాలాసేపు నా మొహమే చూశాడు. నా పని అయిపోయిందనుకున్నాను."

"చెప్పండి, ఊరించకండి."

"మంచి పద్ధతి అన్నాడు. రేపట్నుంచి ప్రతి ప్రూఫూ కుట్టే ఇవ్వాలని సర్క్యులరు వేయిస్తున్నాడు." సంచీ తెరిచి చూపించాడు. "దీని ప్రూఫు నన్నే దిద్దమన్నాడు."

సూదక్కకి నవ్వొచ్చింది. నవ్వు ఆగాక అడిగింది: "ఆ పదిహేడు నిబంధనలు మాత్రం అచ్చవుతాయా?"

"సోమవారం."

"నన్ను చదవద్దన్నారెందుకు?"

"చదివితే నువ్వు ఊరుకోవు."

"ఊరుకోక ఏం చేస్తానట?"

"అదే నాకూ తెలీదు," అన్నాడాయన. "అందుకే భయం."

*

సోమవారం అచ్చయింది. గేటు దగ్గర గోడకి అంటించారు. పదిహేడు నిబంధనలు, కామాలన్నీ సరైన చోటే ఉన్నాయి. చదివినవాళ్ళు చదివారు, కొందరు మంచిదేగా అన్నారు, దొంగల భయం తగ్గుతుందన్నారు. కోడలు పాపని కూర్చోబెట్టి, ఇంట్లో మాట్లాడుకోవాల్సిన మాటలు వారానికి సరిపడా నేర్పించింది. లెక్చరరమ్మ కాగితం ముందు ఐదు నిమిషాలు నిలబడి, పైకెళ్ళింది.

గురువారం వంతు సూదక్కది. ఎవరూ రారనుకుంది. మూడింటినుంచి ఒకరి తర్వాత ఒకరు, మధ్యలో పది నిమిషాలు ఆగి ఆగి, నలుగురూ వచ్చారు. తనతో ఐదుగురు. గొంతులు తగ్గించి మొదలుపెట్టారో లేదో గంట మోగింది.

తలుపు తీస్తే బ్లాకు పెద్ద. చేతిలో కొత్త రిజిస్టరు, ఇదివరకటి దానికి రెండింతలు. ఇస్త్రీ చొక్కా. ఆయన ఆమె మొహం చూడలేదు. గుమ్మం పక్క చెప్పుల వరస చూశాడు. ఐదు జతలు. వాటిలో నీలం పట్టీలవి తన భార్యవి.

"ఎంతమంది?" అన్నాడు.

సూదక్క తలుపుకి అడ్డంగా నిలబడింది. "ముగ్గురం, అన్నయ్యగారూ."

ఆయన చెప్పుల్ని ఇంకోసారి చూశాడు. అంకెలు చదవడంలో ముప్పయ్యేళ్ళ అనుభవం. కింది మెట్ల మీద ఎవరో ఎక్కుతున్న చప్పుడైంది. అడుగులు మొదటి అంతస్తులోనే ఆగి, తలుపు మూసుకున్న చప్పుడైంది. ఆయన బూటు కొనతో రెండు జతల్ని నెమ్మదిగా గుమ్మం లోపలికి నెట్టి, రిజిస్టర్లో 3 వేశాడు. వేసిన అంకె కేసి కాసేపు చూశాడు. జీవితంలో మొదటి తప్పు రీడింగు అయ్యుండాలి.

"సంభాషణ సారాంశము అని ఒక గడి ఉంది."

"వంటలు అని రాసుకోండి."

"ఏ కూరో కూడా రాయాలట."

"మీకేది ఇష్టమో అది రాయండి."

బంగాళాదుంప అని రాశాడు. పెన్ను జేబులో పెట్టుకున్నాడు గానీ వెళ్ళలేదు. గొంతు బాగా తగ్గించాడు. "ఆ నాలుగో భాగం... మిగతాది, మా ఇంట్లోనే ఉంటే చదివాను. తాళాల ఆఫీసులో గుమాస్తా ఉన్నాడే, ఊరందరి చెవులూ వరసగా కొక్కేలకి తగిలిస్తుంటాడు, ఓ రోజు వాడి ఇంటి చెవి కూడా వాడి చేతికే వస్తుంది. తర్వాతేమవుతాడు వాడు?"

సూదక్కకి తెలుసు. ఐదో భాగం పోయిన వారమే తన వంతుకి వచ్చింది. రెండు ముక్కల్లో చెప్పేయొచ్చు. చెబితే ఆయన విని, తలూపి, వెళ్ళిపోతాడు. ఇస్తే ఆ పుస్తకం ఆయన చేతిలో సాక్ష్యంగా ఉంటుంది, రేపెప్పుడైనా ఆ ఫోను దాకా వెళ్ళొచ్చు. లోపల గది మొత్తం ఊపిరి బిగబట్టి వింటోందని వీపుకి తెలుస్తోంది.

లోపలికెళ్ళి ఐదో భాగం తెచ్చింది.

"వచ్చే గురువారానికల్లా తిరిగివ్వాలి. కాగితం మూలలు మడవకూడదు."

ఆయన దాన్ని రిజిస్టరు కింద పెట్టి, పైన అరచెయ్యి ఆనించి, మెట్లు దిగాడు. సూదక్క తలుపు ఓరగా వేసి, గడియ మీద చెయ్యి ఉంచి విన్నది. మలుపు దాకా అడుగులు వినిపించి ఆగిపోయాయి. కాగితం తిప్పిన చప్పుడొకటి. కాసేపటికి ఇంకొకటి.

ఆయన తర్వాత లెక్క రాసుకోవాల్సిన మొదటి అంతస్తు వాళ్ళ గంట చాలాసేపటిదాకా మోగలేదు.